పాత జీఫోర్స్ 210, కొత్త మానిటర్, లైనక్స్ మింట్: హన్మకొండ రిపేర్ షాపు మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయను. రాస్తానంటే ఆయనే వద్దన్నాడు, "సార్, ఉన్న పనే ఒడుస్తలేదు, ఇంకా మందిని పంపకుండ్రి" అని. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సందులో, మెట్లెక్కి పైకి పోతే ఒక్కటే గది. రెండు బల్లలు, వాటి మీద కడుపు విప్పి పడుకోబెట్టిన సీపీయూలు, ఒక టేబుల్ ఫ్యాన్. రివ్యూ ఆ గది గురించే, కానీ నా కంప్యూటర్‌కి ఏమైందో చెప్పకుండా ఆయన పని ఎందుకు నచ్చిందో చెప్పలేను, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

నాకు కేయూ క్రాస్‌రోడ్ వైపు జిరాక్స్ షాపు ఉంది. పేరుకే జిరాక్స్, అసలు పని ఆన్‌లైన్ అప్లికేషన్లు. స్కాలర్‌షిప్పులు, పరీక్ష ఫీజులు, ఎంసెట్ ఫారాలు (దాని పేరు ఈఏపీసెట్ అయింది గానీ కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు ఇంకా ఎంసెట్టే అంటారు), మధ్యలో పాస్‌పోర్టు సైజు ఫొటోలు. కౌంటర్ మీదున్న సిస్టమ్ 2010లో అసెంబుల్ చేయించింది. కోర్ టూ డుయో ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, జీఫోర్స్ 210 గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డుకి ఫ్యాన్ కూడా లేదు, ఉత్త హీట్‌సింకే, అందుకే ఇన్నేళ్ల దుమ్ము తిని కూడా బతికిందని నా అనుమానం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్టు అయిపోయింది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కొత్తదై ఉండాలి అంటుంది, నా డబ్బాకి ఆ రెండూ లేవు. సరే, విండోస్ బదులు ఫ్రీగా దొరికే లైనక్స్ మింట్ ఎక్కిద్దాం అనుకున్నా. సరిగ్గా అప్పుడే పాత చదరం మానిటర్ కూడా పోయింది, 22 అంగుళాలది కొత్తది కొన్నా, 1920×1080 (తెర మీద అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల లెక్క).

లైనక్స్ ఎక్కించడానికి మొదట పోయింది ఈ షాపుకి కాదు, వేరే దానికి. సీపీయూ ఒక్కటే ఆటోలో వేసుకుని పోయా. 600 తీసుకున్నారు, సాయంత్రానికి ఇచ్చేశారు. తెచ్చి కొత్త మానిటర్‌కి తగిలించి ఆన్ చేశా.

అంతా ఉంది, కానీ అంతా లావుగా ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే 1024×768, అంతకు పైన లిస్టులో ఏమీ లేదు. చదరం బొమ్మని వెడల్పు తెర మీదికి లాగి పరిస్తే ఎట్లుంటుందో అట్లుంది. తెలుగు అక్షరాలు అసలే గుండ్రం కదా, సున్న కోడిగుడ్డు అయిపోయింది, ఒత్తులు కింద మసకగా అంటుకుపోయి క్షకారమేదో జ్ఞకారమేదో కళ్లు చిట్లించి చూడాలి. అప్లికేషన్ ఫారాల్లో కింద ఉండే సబ్మిట్ బటన్ తెర దాటి ఎక్కడికో పోయేది, బ్రౌజర్‌ని 67 శాతానికి తగ్గిస్తే కనపడేది కానీ అప్పుడు అక్షరాలు చీమలు. ఒకామె ఫొటో క్రాప్ చేస్తుంటే తెర వైపు తొంగి చూసి "అన్నా, నా మొహం గింత లావున్నదా?" అంది. ప్రింట్ తీస్తే మామూలుగానే వచ్చింది, ఆమె నమ్మడానికి మాత్రం ఇంకో కాపీ ఫ్రీగా ఇవ్వాల్సి వచ్చింది.

ఆ షాపుకే ఫోన్ చేశా. "కార్డు ముసల్ది, మానిటర్ కొత్తది, రెంటికీ పొత్తు కుదరదు సార్, 18 వేలల్ల కొత్త సిస్టమ్ చేసిస్త" అన్నారు. నిజం చెప్పాలంటే సగం నమ్మాను. ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. జీఫోర్స్ 210 వచ్చింది 2009లో. ఆ తరం కార్డులకి వాటి కంపెనీ ఎన్విడియా ఇచ్చిన చివరి డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) సిరీస్ 340, అందులో ఆఖరిది 340.108, అది 2019 డిసెంబర్‌లో వచ్చింది, ఆ తర్వాత ఆపేశారు. ఇప్పటి మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే ఈ కార్డుకి ఏమీ చూపించదు. అది చూసి ఎవరికైనా "అయిపోయింది, కార్డు పోయినట్టే" అనే అనిపిస్తుంది. కానీ లైనక్స్ కెర్నల్‌లోనే, అంటే దాని గుండెకాయలోనే, నువో అని ఒక ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది, 2010 నుంచీ ఉంది, ఈ కార్డుని అది బాగానే గుర్తుపడుతుంది, మనం ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలీదు.

మూడు రాత్రులు నేనే కుస్తీ పట్టా. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే మంత్రం: టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరువు, సీవీటీ కమాండ్‌కి 1920, 1080 ఇవ్వు, వచ్చిన మోడ్‌లైన్‌ని (తెర కొలతలు, టైమింగ్ ఉండే లైను) ఎక్స్‌రాండర్ అనే తెర సెట్టింగ్ కమాండ్‌తో చేర్చు. చేశా. "అవుట్‌పుట్ డిఫాల్ట్‌కి గామా సైజు దొరకలేదు" అని ఇంగ్లిషులో ఒక ముక్క తిట్టి ఊరుకుంది. గామా ఏంటో, దాని సైజు ఏంటో, నాకెందుకో. మూడో రాత్రి మా ఆవిడ వచ్చి "18 వేలు పోతే పోయినయ్, పండుకో ముందు" అంది.

ఈ మేడ మీది షాపు గురించి చెప్పింది నిట్‌లో చదివే ఒక కస్టమర్ పిల్లాడు. ఈసారి అతని మాట విని సీపీయూతో పాటు మానిటర్, కేబుల్ అన్నీ పట్టుకుపోయా.

షాపతను ముప్పై ఏళ్లుంటాడు. స్క్రూ డ్రైవర్ ముట్టలేదు. సిస్టమ్ ఆన్ చేసి, ఎక్స్‌రాండర్ అని కొట్టి, మొదటి రెండు లైన్లు చూసి నవ్వాడు. "సార్, ఇండ్ల డిఫాల్ట్ అని ఉన్నది చూడుండ్రి. వీజీఏ 1 అనో, హెచ్‌డీఎంఐ 1 అనో, కేబుల్ పెట్టిన పోర్టు పేరుండాలె. డిఫాల్ట్ అన్నదంటే అసలు డ్రైవరే లేవలేదు, కార్డు నిద్రల ఉన్నది." మూడు రాత్రులు నా కళ్ల ముందే ఉన్న మాట అది.

తర్వాత రీస్టార్ట్ చేసి, లైనక్స్ మొదలయ్యే ముందుండే గ్రబ్ మెనూ వచ్చినప్పుడు ఈ అనే కీ నొక్కి, పొడుగాటి లైన్ చివర్లో ఒక పదం మీద వేలు పెట్టి చూపించాడు. నోమోడ్‌సెట్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత ఎన్విడియా కార్డులతో ఒక్కోసారి తెర నల్లగా ఉండిపోతుంది, అందుకని మింట్ పెన్‌డ్రైవ్‌లో కంపాటిబిలిటీ మోడ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఎంచుకుంటే ఈ పదం చేరుతుంది. దాని పని ఏంటంటే, గ్రాఫిక్స్ డ్రైవర్‌ని ముట్టుకోకు, ఏదో ఒక బొమ్మ చూపించు చాలు అని కెర్నల్‌కి చెప్పడం. ఇన్‌స్టాల్‌కి అది తప్పేం కాదు. ఇన్‌స్టాల్ అయిపోయాక కూడా అట్లాగే వదిలేసి, 600 తీసుకుని, పైనుంచి కార్డు ముసల్దనడం తప్పు. ఆ పదం తీసేసి బూట్ చేశాడు, నువో లేచింది, ఎక్స్‌రాండర్‌లో ఇప్పుడు వీజీఏ 1 అని వచ్చింది. తర్వాత గ్రబ్ ఫైలులో కూడా ఆ పదం కొట్టేసి అప్‌డేట్ గ్రబ్ ఇచ్చాడు, లేకపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు తిరిగొస్తుందట.

రిజల్యూషన్ మాత్రం మళ్లీ 1024×768!

"ఇంతసేపు చేసి మళ్లా అదే కదా తమ్మీ" అన్నా. "నంబర్ అదే సార్, రోగం వేరే" అన్నాడు.

నాకు ఈ షాపు నచ్చింది ఇక్కడే, అందుకే ఈ భాగం కొంచెం సాగదీస్తా. ప్రతి మానిటర్ లోపల ఒక చిన్న చీటీ లాంటిది ఉంటుంది, ఈడీఐడీ అంటారు. అసలు బ్లాక్ 128 బైట్లు. నేనెవర్ని, నా అసలు సైజెంత, ఎంత వేగం తట్టుకుంటా అని అందులో రాసి ఉంటుంది. కార్డు ఆ చీటీ చదివి దానికి తగ్గట్టు బొమ్మ పంపుతుంది. చీటీ అందకపోతే కెర్నల్ రిస్క్ తీసుకోదు, ఏ మానిటర్ అయినా తట్టుకునే 1024×768 దగ్గర ఆగిపోతుంది. అంటే డ్రైవర్ లేవకపోయినా అదే నంబర్, చీటీ అందకపోయినా అదే నంబర్. ఒకటి బాగుచేసినా ఏమీ మారనట్టే ఉంటుంది, మనం అక్కడే చేతులెత్తేస్తాం.

చీటీ అందిందో లేదో చూడ్డానికి ఎక్స్‌రాండర్‌కి వెర్బోస్ అని చేర్చి కొట్టాడు. అందితే ఈడీఐడీ అన్న పదం కింద అంకెల బ్లాక్ కనపడాలి, అది ఎప్పుడూ రెండు సున్నలు, పన్నెండు ఎఫ్‌లు, మళ్లీ రెండు సున్నలతో మొదలవుతుంది. నా దాంట్లో ఆ పదమే లేదు. అప్పుడు నా వీజీఏ కేబుల్ పీకి, ఫోన్ టార్చ్ వేసి, దాని మొహం నాకు చూపించాడు. పిన్నులు మూడు వరుసలు, వరుసకి ఐదు, మొత్తం పదిహేను. నడిమి వరుసలో ఒకటి లేకపోవడం మామూలేనట, తొమ్మిదోది చాలా కేబుళ్లలో ఉండదు. కానీ ఇరుకు వైపు ఉన్న మూడో వరుసలో పన్నెండోది, పదిహేనోది ఉండి తీరాలి, చీటీ నడిచేది ఆ రెండు తీగల మీదే. నా కేబుల్‌లో పన్నెండో పిన్ను ఉండాల్సిన చోట ఉత్త చిల్లు. రంగులు మోసే పిన్నులన్నీ శుభ్రంగా ఉన్నాయి కాబట్టి బొమ్మ వస్తుంది, మాట రాదు. నేను ఆ కేబుల్‌ని నాలుగేళ్ల కింద ఎక్కడో 80 రూపాయలకి కొన్నా. పాత చదరం మానిటర్‌తో ఎప్పుడూ తేడా తెలియలేదు, ఎందుకంటే దానికి 1024×768 చాలు.

"మరి కేబుల్ మార్చకుండా చేయలేమా, నెట్‌ల ఉన్న మంత్రంతోని?" అని అడిగా, ఆ మూడు రాత్రుల కసి కొద్దీ. ఇంకొకరైతే విసుక్కునేవాళ్లు, ఇతను చేసి చూపించాడు. మామూలు సీవీటీ ఇచ్చే మోడ్‌లైన్‌లో పిక్సెల్ క్లాక్ (తెరకి చుక్కలు పంపే వేగం) 173 మెగాహెర్ట్జ్. అది పెట్టగానే నా మానిటర్ నల్లబడి, ఇన్‌పుట్ సపోర్ట్ లేదని ఒక బాక్స్ చూపించింది. అదే సీవీటీకి చిన్న ఆర్ తగిలిస్తే, అంటే పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్ల కోసం లైన్ లైన్‌కీ మధ్య వదిలే ఖాళీ టైమ్‌ని తగ్గిస్తే, అదే 1920×1080 కి 138.5 మెగాహెర్ట్జ్ చాలు. పెట్టాడు, బొమ్మ వచ్చింది! నేను మూడు రాత్రులు కొట్టింది ఈ ఆర్ లేకుండా. డీవీఐ అని ఇంకో రకం కేబుల్ ఉంది, అందులో సింగిల్ లింక్‌ది వాడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, దాని హద్దే 165 మెగాహెర్ట్జ్, 173 అందులో పట్టనే పట్టదు.

కానీ బొమ్మ కొంచెం ఎడమకి జరిగింది, మానిటర్ మీద ఆటో బటన్ నొక్కితే సర్దుకుంది, సన్న అక్షరాల అంచులు మాత్రం వణికినట్టే ఉన్నాయి. పైగా ఇట్లా పెట్టింది రీస్టార్ట్ చేస్తే పోతుంది. లాగిన్ అయినప్పుడల్లా నడిచేట్టు ఎక్స్‌ప్రొఫైల్ ఫైల్‌లో రాసుకోవచ్చు, అప్పుడు కూడా లాగిన్ తెర వరకు లావుగానే వస్తుంది. "నడుస్తది గని సార్, రోజూ ఎనిమిది గంటలు జూసేటోళ్లకు ఎందుకు గీ తిప్పలు" అని తను పెట్టింది తనే తీసేసి, సొరుగులోంచి హెచ్‌డీఎంఐ కేబుల్ తీసి కార్డు వెనక పెట్టాడు. ఒక కమాండ్ లేదు, ఒక క్లిక్ లేదు. 1920×1080 దానంతటదే వచ్చింది. సున్న మళ్లీ సున్న అయింది.

కార్డుకి ఆ హెచ్‌డీఎంఐ పోర్టు మొదటి రోజు నుంచీ ఉంది. పదిహేనేళ్లుగా దానికి ప్లాస్టిక్ మూత నేనే తీయలేదు.

బిల్లు: పనికి 200, కేబుల్‌కి 250. మొత్తం నలభై నిమిషాలు, మధ్యలో టీ తాగిన టైమ్ కలిపి. చేసిందంతా రాసిమ్మంటే ఎవరిదో హాల్‌టికెట్ జిరాక్స్ వెనక రాసిచ్చాడు, అది ఇప్పుడు నా కౌంటర్ అద్దం కింద ఉంది.

ఇక ఐదు వారాలు వాడాక కార్డు సంగతి. ఫారాలు, పీడీఎఫ్‌లు, ఫొటో క్రాపింగ్, ప్రింటింగ్, వీటికి ఏ లోటూ లేదు. యూట్యూబ్ 1080లో పెడితే ఆగి ఆగి నడుస్తుంది, 720లో పర్వాలేదు, నాకు షాపులో అంతకంటే అక్కర్లేదు. ఇది నువో చేతకానితనమో ప్రాసెసర్ వయసో విడదీసి చెప్పలేను, రెండూ కొంచెం కొంచెం అనుకోండి. స్లీప్‌లోకి పోయి లేచేటప్పుడు రెండుసార్లు తెర రాలేదు, స్లీప్ ఆపేసుకున్నా. హెచ్‌డీఎంఐ పెట్టాక సౌండ్ కూడా మానిటర్ వైపు మళ్లింది, స్పీకర్లు మూగబోతే కంగారు పడకుండా సౌండ్ సెట్టింగ్స్‌లో మార్చుకోండి.

కార్డు నిజంగా చేతులెత్తేసే చోటు కూడా ఉంది, అది దాచను. 27 అంగుళాల 2560×1440 మానిటర్ కొని దీనికి పెడదామనుకుంటే కుదరదు, కనీసం హెచ్‌డీఎంఐతో కుదరదు. ఈ కార్డు హెచ్‌డీఎంఐ అంత దాకా పోదు. దాని డ్యుయల్ లింక్ డీవీఐ పోర్టు అయితే 2560×1600 దాకా పోతుంది, కానీ ఇప్పుడు అమ్మే మానిటర్లలో డీవీఐ వెతికినా దొరకడం కష్టం. అట్లాంటప్పుడు కార్డు మార్చమంటే అది న్యాయమైన మాట. ఇంకో సంగతి, మీరు మింట్ కాకుండా వేలాండ్ అనే కొత్త డిస్‌ప్లే పద్ధతి మీద నడిచే లైనక్స్ వాడుతుంటే ఈ ఎక్స్‌రాండర్ మోడ్‌లైన్ల విద్య అక్కడ పనిచేయదు. పాత కార్డులకి మింట్‌లో తేలిక రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈనే సుఖం అని షాపతని మాట, నా మాట కూడా అదే.

షాపు మీద ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. పదకొండున్నర దాటితే గానీ షట్టర్ లేవదు. ఫోన్ ఎత్తడు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే రాత్రికి వింటాడు. జీఎస్టీ బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిస్తాడు, ఆఫీసుల వాళ్లకి పనికిరాదు. ఇంటికి రాడు. మెట్లు నిటారుగా ఉంటాయి, సీపీయూ మోసుకుని ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. మేడారం జాతరకి వారం ముందే బోర్డు తిప్పేస్తాడని పక్క షాపాయన చెప్పాడు, అది రెండేళ్లకోసారే కాబట్టి క్షమించేద్దాం. మాట్లాడ్డం కూడా కొంచెం ఎక్కువే, నా పని అయ్యాక ఇంకో పావుగంట వీజీఏ పిన్నుల మీద క్లాస్ తీసుకున్నాడు, కింద ఆటో వాడు హారన్ కొడుతున్నాడు.

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. తగ్గించిన ఆ అర చుక్క మెట్లకి.

పోయేవాళ్లు సీపీయూ ఒక్కటే తీసుకుపోకండి. మొదటి షాపులో నేను చేసిన పొరపాటు అదే, వాళ్ల బల్ల మీద ఉన్నది పాత చదరం మానిటర్, కేబుల్ కూడా వాళ్లదే, దాని మీద 1024×768 చక్కగా నిండుగా కనపడి ఉంటుంది. మీ మానిటర్, మీ కేబుల్ ఏదుంటే అది, అడాప్టర్ వాడుతుంటే అది కూడా సంచిలో వేసుకోండి. పన్నెండు తర్వాత పోండి.